రెండో క్లారినెట్ ఎవరిది?

పగలు మాన్కోలిలో, ముంబై-నాసిక్ హైవే పక్కన ఒక గోదాములో నా ఉద్యోగం. అట్టపెట్టెలకు లేబుళ్లు అంటించడం, లెక్క రాసుకోవడం. లగ్గాల సీజన్ వస్తే సాయంత్రాలు భివండీలో మా బ్యాండుకు కీబోర్డు వాయిస్తాను, పాటలకు నొటేషన్ రాస్తాను. మా నాన్న సిరిసిల్ల నుంచి సాంచాల (మరమగ్గాల) పనికి వచ్చినవాడు. ఆయన పనిచేసిన షెడ్డులో ప్రతి సాంచాకూ ఒక నెంబరు. "ఏడో నెంబరు ఆగింది" అని కేక వినిపిస్తే ఎటు ఉరకాలో అందరికీ తెలిసేది.

ఇన్ని లేబుళ్ల మధ్య పెరిగిన నేనే ఒక బారాత్‌లో లేబులు మరిచాను. మ్యూజ్‌స్కోర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో రాసి ప్రింటు తీసిన రెండు కాగితాల మీదా 'క్లారినెట్' అనే ఉంది. పాట ఎత్తుకోవాల్సిన కాకాకు తోడు స్వరం వెళ్లింది, కొత్తగా చేరిన పిల్లవాడికి అసలు పాట వెళ్లింది. "తమ్మీ, గిది నాదేనా?" అని కాకా అడిగేసరికి గుర్రం కదిలింది.

అప్పటి నుంచి పేర్ల సంగతి శ్రద్ధగా చూస్తున్నాను. ఒక వాద్యం ఒక్కటే ఉంటే నెంబరు అక్కర్లేదు. రెండోది వచ్చిందంటే మొదటిదానికీ వెయ్యాలి. 2016లో వచ్చిన డోరికో అనే నొటేషన్ సాఫ్ట్‌వేర్ ఈ పని తనంతట తానే చేస్తుంది. రెండో ట్రంపెట్‌ను చేరిస్తే 1, 2 పడతాయి. ఒకదాన్ని తీసేస్తే మిగిలినదాని నెంబరు పోతుంది. స్కోరులో మొదటి వరుస పక్కన పూర్తి పేరు, తర్వాతి వరుసల పక్కన పొట్టి పేరు వేయడం ఆనవాయితీ.

నెంబరు హోదా మాత్రమే కాదు, పని కూడా చెబుతుంది. పాశ్చాత్య ఆర్కెస్ట్రాలో నాలుగు హార్న్‌లుంటే సాధారణంగా 1, 3 పై స్వరాలు, 2, 4 కింది స్వరాలు వాయిస్తాయి.

పేరు వెనక వచ్చే 'బి ఫ్లాట్' కూడా అలంకారం కాదు. బి ఫ్లాట్ క్లారినెట్‌వాడు కాగితం మీద 'సి' చూసి వాయిస్తే వినపడేది బి ఫ్లాట్. ఆల్టో శాక్సఫోన్‌లో అదే 'సి' ఈ ఫ్లాట్‌గా పలుకుతుంది. ఒకరి కాగితం మరొకరికి వెళితే శ్రుతి మొత్తం చెడుతుంది.

ఇవన్నీ మనిషి చదివే లేబుళ్లు. యంత్రం చదివే నెంబరు వేరే ఉంది. 1991లో వచ్చిన జనరల్ మిడి పట్టికలో 128 ధ్వనులున్నాయి: వయొలిన్ 41, ట్రంపెట్ 57, క్లారినెట్ 72. మన షెహనాయికీ చోటుంది, 112. అయితే కొన్ని సాఫ్ట్‌వేర్‌లు లెక్కను సున్నా నుంచి మొదలుపెడతాయి. అక్కడ షెహనాయి 111. అలవాటుగా 112 కొడితే మంగళవాద్యం బదులు చిరుగంట మోగుతుంది. క్లారినెట్ 2 అంటే రెండో మనిషి, 72 అంటే ధ్వని. ఈ రెండు నెంబర్లనూ కలపకూడదు.

గోదాములో పెట్టె లారీ ఎక్కాక లేబులు సరిచేయడానికి మనం పక్కన ఉండం. బ్యాండు కాగితమూ అంతే. మీరూ నొటేషన్ రాసేవాళ్లయితే ప్రింటు తీసిన ఒక్కో కాగితాన్నీ విడిగా పట్టుకుని చూడండి. ఏ వాద్యానికి, ఏ శ్రుతికి, ఎన్నోవాడికి అన్న మూడూ దాని మీద ఉంటేనే చేతికివ్వండి.