పొలంలో ఫోన్ స్క్రీన్ సరిగా కనిపించాలంటే: యాప్‌లలో అక్షరాలు, రంగులు మార్చుకునే విధానం

పురుగు మందు మోతాదు, వాతావరణ హెచ్చరిక, మార్కెట్ ధర, పథకాల నమోదు ఇప్పుడు ఎక్కువగా ఫోన్‌లోనే జరుగుతున్నాయి. అయితే ఫోన్ కొన్నప్పుడు స్క్రీన్ ఎలా ఉందో చాలామంది రైతులు అలాగే వాడుతుంటారు. అక్షరం ఎంత పెద్దగా ఉండాలి, వెనుక రంగు తెలుపా నలుపా, రంగులు ఎంత గాఢంగా కనిపించాలి అనేవన్నీ మన చేతిలో ఉన్నవే. గదిలో నీడన కూర్చుని చదివేందుకు సరిపోయే అమరిక, మధ్యాహ్నం ఎండలో చేను గట్టు మీద నిలబడి చదివేందుకు సరిపోదు. నలభై దాటి దగ్గరి చూపు తగ్గినవారికి అసలే సరిపోదు.

ఇది సౌకర్యం కోసం చెబుతున్న మాట మాత్రమే కాదు. మోతాదు తప్పు చదివితే పంట మీద పడుతుంది.

చుక్క కనిపించకపోతే ఏమవుతుంది?

థయోమిథాక్సామ్ 25 శాతం గుళికల మందును లీటరు నీటికి 0.2 గ్రా. చొప్పున కలపమని సలహాల్లో తరచుగా చూస్తుంటారు. ఎకరాకు 200 లీటర్ల నీరు వాడితే 40 గ్రాములు అవుతుంది. సున్నా తర్వాత ఉన్న చుక్క కంటికి ఆనకపోతే అది 02, అంటే 2 గ్రాములు. ఎకరాకు 400 గ్రాములు, సరిగ్గా పది రెట్లు. అలాగే ఎసిఫేట్ 1.5 గ్రాములను 15 అని చదివితే 16 లీటర్ల ట్యాంకుకు 24 గ్రాములకు బదులు 240 గ్రాములు పడుతుంది. డబ్బు వృథా కావడం ఒక్కటే కాదు, ఆకులు మాడవచ్చు, మందు అవశేషాలు పంటలో మిగలవచ్చు, పిచికారీ చేసే మనిషికీ ప్రమాదం. కలుపు మందుల విషయంలో ఇలాంటి పొరపాటు జరిగితే పైరే దెబ్బతింటుంది.

తెలుగులో ఇంకో ఇబ్బంది ఉంది. ఇంగ్లిషు అక్షరాలు ఒకే వరుసలో నడుస్తాయి. మన అక్షరానికి పైన గుణింతం, కింద ఒత్తు. ప, ఫ లకు మధ్య తేడా కింద చిన్న గీత మాత్రమే. చిన్న అక్షరాల్లో ప్రొఫెనోఫాస్ (పురుగు మందు), ప్రొపికొనజోల్ (తెగులు మందు) పేర్ల మొదలు ఒకేలా కనిపిస్తాయి. మి.లీ. అన్న చోట మొదటి అక్షరం జారిపోతే మిగిలేది లీ. కాబట్టి ఇంగ్లిషుకు సరిపోయే సైజు కంటే తెలుగుకు ఒకటి రెండు మెట్లు ఎక్కువ పెట్టుకోవాలి.

అక్షరాలు పెద్దవి చేసుకోవడం

ఆండ్రాయిడ్ ఫోన్‌లో సెట్టింగ్స్ తెరిచి, డిస్‌ప్లేలోకి వెళ్తే ఫాంట్ సైజ్, డిస్‌ప్లే సైజ్ అని రెండు కనిపిస్తాయి. కొన్ని ఫోన్లలో ఇవి యాక్సెసిబిలిటీ కింద ఉంటాయి. దొరక్కపోతే సెట్టింగ్స్ పైన ఉన్న వెతికే పెట్టెలో ఫాంట్ అని టైప్ చేయండి. ఫాంట్ సైజ్ అక్షరాలను మాత్రమే పెంచుతుంది. డిస్‌ప్లే సైజ్ అక్షరాలతో పాటు బటన్లు, గుర్తులు అన్నిటినీ పెంచుతుంది. వేళ్లు మొద్దుబారి, చిన్న బటన్ నొక్కబోయి పక్కది నొక్కేవారికి రెండోది ఎక్కువ ఉపయోగం. ఆండ్రాయిడ్ 14 నుంచి అక్షరాలను 200 శాతం వరకు పెంచుకునే వీలుంది, అంతకు ముందు ఫోన్లలో సాధారణంగా 130 శాతం దగ్గర ఆగేది.

అక్కడే బోల్డ్ టెక్స్ట్ ఉంటే దాన్ని ఆన్ చేయండి. మా అభిప్రాయంలో సైజు పెంచడం కన్నా ముందు చేయాల్సింది ఇదే. అక్షరం లావైతే దశాంశ చుక్క కూడా లావవుతుంది, స్క్రీన్ మీద చోటూ పెద్దగా పోదు. హై కాంట్రాస్ట్ టెక్స్ట్ అనే మరో సదుపాయం యాక్సెసిబిలిటీలో ఉంటుంది. లేత బూడిద రంగులో ఉన్న అక్షరాలను ముదురు రంగులోకి మారుస్తుంది.

వాట్సాప్‌కు సొంతంగా కూడా అక్షరాల అమరిక ఉంది. వాట్సాప్ సెట్టింగ్స్‌లో చాట్స్, అందులో ఫాంట్ సైజ్ నొక్కి లార్జ్ ఎంచుకోండి. ఇది సందేశాలకు మాత్రమే వర్తిస్తుంది. చాట్ వెనుక పూల బొమ్మో, దేవుడి బొమ్మో, పిల్లల ఫొటోనో పెట్టుకునే అలవాటు ఉంటే, ఆ బొమ్మను బాగా లేత రంగుదిగా చూసుకోండి. సలహాలు వచ్చే గ్రూపు వరకైనా వెనుక ఏ బొమ్మా లేకుండా ఉంచడం మంచిది. పొడవైన సందేశాల చివర మరింత చదవండి అని ఉంటుంది. అది నొక్కకపోతే సందేశం సగమే చదివినట్టు. ఏయే మందులు కలపకూడదో చెప్పే వాక్యం చాలాసార్లు చివరనే ఉంటుంది.

అన్ని యాప్‌లూ ఫోన్ మాట వినవు. కొన్ని యాప్‌లలో అక్షరం పెరుగుతుంది కానీ దాని పెట్టె పెరగదు. అప్పుడు కింద ఒత్తులు తెగిపోతాయి, లేదా వాక్యం మధ్యలో మూడు చుక్కలు పెట్టి ఆగిపోతుంది. దరఖాస్తు నింపే యాప్‌లలో సబ్మిట్ బటన్ స్క్రీన్ కిందికి వెళ్లిపోయి కనిపించకపోవచ్చు. యాప్ పనిచేయడం లేదనుకుని మీ సేవకో, నెట్ సెంటర్‌కో పరుగెత్తే ముందు, డిస్‌ప్లే సైజ్ ఒక మెట్టు తగ్గించి చూడండి. పని అయ్యాక మళ్లీ పెంచుకోవచ్చు. మోతాదు ఉన్న చోట అంకె తర్వాత మూడు చుక్కలు కనిపిస్తే మాత్రం ఆ అంకెను నమ్మవద్దు. ఫోన్‌ను అడ్డంగా తిప్పి పూర్తి వాక్యం చూడండి.

బొమ్మ రూపంలో వచ్చే పోస్టర్లు, కరపత్రాల మీద ఈ సెట్టింగ్‌లు ఏవీ పనిచేయవు. అందులో ఉన్నవి అక్షరాలు కావు, అక్షరాల ఫొటో. రెండు వేళ్లతో సాగదీసి చూడాల్సిందే. వాట్సాప్‌లో ఫొటో పంపినప్పుడు దాని నాణ్యత తగ్గుతుంది, పది గ్రూపులు తిరిగి వచ్చిన పోస్టర్‌లో అంకెలు అలుక్కుపోయి ఉంటాయి. పంపేవారిని హెచ్‌డీలో గానీ, డాక్యుమెంట్‌గా గానీ పంపమని అడగండి. స్క్రీన్ మీద ఏది ఉన్నా పెద్దదిగా చూసేందుకు యాక్సెసిబిలిటీలో మ్యాగ్నిఫికేషన్ ఉంటుంది. ఆన్ చేసుకుంటే చాలా ఫోన్లలో మూడుసార్లు టకటకా తట్టగానే ఆ చోటు పెద్దదవుతుంది.

ఎండలో తెలుపు, రాత్రి నలుపు

నల్లటి వెనుక రంగు మీద తెల్ల అక్షరాలుండే డార్క్ మోడ్ ఇప్పుడు చాలామంది పెట్టుకుంటున్నారు. ఆండ్రాయిడ్ 10 నుంచి ఇది ఫోన్ మొత్తానికి వచ్చింది. తెల్లవారుజామున మోటారు వేయడానికి లేచినప్పుడో, రాత్రి మంచం మీదో చూసుకోవడానికి హాయిగా ఉంటుంది. ఎండలో మాత్రం పనికిరాదు. నల్లటి అద్దంలో మీ ముఖం, వెనుక ఆకాశం కనిపిస్తాయి తప్ప అక్షరాలు కనిపించవు. పొలంలో ఉన్నప్పుడు తెల్లటి వెనుక రంగు, నల్లటి అక్షరాలు ఉండే లైట్ మోడ్ వాడండి. డిస్‌ప్లే సెట్టింగ్‌లో పొద్దు పొడుపు, పొద్దు కుంకుల వేళకు దానంతటదే మారేలా పెట్టుకునే వీలుంది. ఒకసారి పెడితే మళ్లీ తాకనక్కరలేదు.

డార్క్ మోడ్‌తో బ్యాటరీ ఆదా అవుతుందన్న మాట అమోలెడ్ స్క్రీన్లకు వర్తిస్తుంది. తక్కువ ధర ఫోన్లలో ఎక్కువగా ఉండే ఎల్‌సీడీ స్క్రీన్‌కు వెనుక నుంచి దీపం ఎలాగూ వెలుగుతూనే ఉంటుంది, కాబట్టి అంతగా తేడా ఉండదు.

వెలుతురు పూర్తిగా పెంచినా స్క్రీన్ మసకబారుతుంటే ఫోన్ వేడెక్కిందేమో చూడండి. బాగా వేడెక్కితే ఫోన్ తనంతట తానే వెలుతురు తగ్గించుకుంటుంది. కాసేపు నీడలో ఉంచాలి. కొన్ని రకాల చలువ కళ్లద్దాల్లోంచి చూస్తే ఫోన్ పూర్తిగా నల్లగా కనిపిస్తుంది. ఫోన్ పాడైందని కంగారు పడకుండా ముందు అద్దాలు తీసి చూడండి.

రంగులు మార్చే సెట్టింగ్‌లతో జాగ్రత్త

అక్షరాల సైజు ఎంత మార్చినా విషయం మారదు. రంగు సంగతి అలా కాదు. పైరు ఆరోగ్యాన్ని ఆకు రంగు చూసి అంచనా వేస్తాం, ఆ రంగునే ఫోన్ మార్చేస్తుంది.

కళ్లకు శ్రమ తగ్గించేందుకు నీలి కాంతిని తగ్గించే సెట్టింగ్ దాదాపు ప్రతి ఫోన్‌లో ఉంది. శాంసంగ్‌లో ఐ కంఫర్ట్ షీల్డ్, షావోమీలో రీడింగ్ మోడ్, ఐఫోన్‌లో నైట్ షిఫ్ట్, మిగతా చాలా ఫోన్లలో నైట్ లైట్ అంటారు. ఇది ఆన్‌లో ఉంటే స్క్రీన్ మొత్తం పసుపు, నారింజ ఛాయకు తిరుగుతుంది. అప్పుడు వాట్సాప్‌లో ఎవరైనా పంపిన పచ్చటి వరి ఆకు మీకు పాలిపోయినట్టు కనిపిస్తుంది. నత్రజని తగ్గిందనుకుని యూరియా చల్లితే ఖర్చు దండగ. పైగా నత్రజని ఎక్కువైన వరి పైరులో దోమ, అగ్గితెగులు పెరుగుతాయి. పెసర, మినుములో పల్లాకు తెగులు మచ్చలను గుర్తుపట్టేటప్పుడూ ఇదే చిక్కు. ఆకు మీద పసుపు మచ్చలు విడివిడిగా ఉన్నాయా, ఆకంతా పసుపుగా ఉందా అన్నదే అక్కడ ముఖ్యం. పసుపు పొర కప్పిన స్క్రీన్ మీద ఆ తేడా సరిగా తెలియదు.

ఈ మార్పు చూసేవారి స్క్రీన్ మీద మాత్రమే ఉంటుంది, ఫొటోలో ఉండదు. స్క్రీన్‌షాట్ తీసి పంపినా అవతలివారికి ఆ పసుపు కనిపించదు. అందుకే ఒకే ఫొటో చూసి మీరు పసుపు అంటారు, వ్యవసాయ అధికారి పచ్చగానే ఉందంటారు. ఎవరి తప్పూ లేదు.

దీనికి సులువైన పరీక్ష ఉంది. ఫోన్‌లో తెల్లటి పేజీ ఏదైనా తెరిచి, పక్కన తెల్ల కాగితం పెట్టి పగటి వెలుతురులో చూడండి. స్క్రీన్ పసుపుగా కనిపిస్తే ఆ సెట్టింగ్ ఆన్‌లో ఉన్నట్టే. పై నుంచి కిందికి లాగితే వచ్చే గుర్తుల్లో అది ఉంటుంది, అక్కడే ఆపేయవచ్చు. సాయంత్రానికి తనంతట తానే ఆన్ అయ్యేలా పెట్టుకున్నవారు ముఖ్యంగా చూసుకోవాలి, ఎందుకంటే పొద్దంతా పనిచేసి రైతులు ఫొటోలు చూసేది ఆ వేళకే.

ఇంకొన్ని ఫోన్లలో స్క్రీన్ మోడ్ లేదా కలర్ మోడ్ కింద వివిడ్, నేచురల్ అని రెండు ఉంటాయి. వివిడ్‌లో ఆకుపచ్చ అసలు కన్నా నిండుగా కనిపిస్తుంది. సినిమాలకు బాగుంటుంది. పంట ఫొటోలు చూసేవారు నేచురల్ పెట్టుకోవడం మేలు. మీరు ఫొటో తీసి పంపేటప్పుడు ఆకు కింద తెల్ల కాగితం ఉంచి, నీడలో, ఏ ఫిల్టరూ లేకుండా తీయండి. తెలుపు ఎలా వచ్చిందో చూసి నిపుణులు ఆకు రంగును సరిచూసుకోగలుగుతారు. వరిలో నత్రజని అవసరం తెలుసుకునేందుకు ఆకు రంగుల పట్టిక ఉన్నవారు దాన్ని చేనులోనే ఆకు పక్కన పెట్టి పోల్చాలి. పట్టిక బొమ్మను ఫోన్‌లో తెరిచి పోల్చితే ఫలితం తప్పుతుంది.

ఎరుపు, ఆకుపచ్చల మధ్య తేడా పుట్టుకతోనే సరిగా తెలియనివారు ఉంటారు, మగవారిలో ఎక్కువ. చాలామందికి ఆ సంగతి తెలియదు కూడా. అలాంటివారి కోసం యాక్సెసిబిలిటీలో కలర్ కరెక్షన్ ఉంది. వాతావరణ శాఖ హెచ్చరికలు ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లో వస్తాయి. ఎరుపు అంటే వెంటనే చర్య తీసుకోవాలని అర్థం. కలర్ కరెక్షన్ పెట్టుకుంటే మ్యాప్‌లో ఈ రంగులు విడివిడిగా తెలియడం కొంత సులువవుతుంది, కానీ ఆకుల ఫొటోల రంగు కూడా మారిపోతుంది. కాబట్టి హెచ్చరిక చూసేటప్పుడు ఆన్, ఆకు చూసేటప్పుడు ఆఫ్. మ్యాప్ రంగు ఒక్కదాన్నే నమ్ముకోకుండా కింద రాసి ఉన్న మాటలు కూడా చదవాలి. పిల్లలు ఆడుతూ గ్రేస్కేల్ నొక్కితే స్క్రీన్ మొత్తం నలుపు తెలుపు అవుతుంది. అప్పుడు ఎరుపు హెచ్చరికకూ ఆకుపచ్చకూ తేడా ఉండదు. కలర్ ఇన్వర్షన్ నొక్కుకుపోతే రంగులు తలకిందులవుతాయి. రెండూ అదే యాక్సెసిబిలిటీలో ఆపవచ్చు.

కొత్త రూపం ఇస్తామనే లింకులు

వాట్సాప్ గులాబీ రంగులోకి మారుతుందంటూ గతంలో ఒక లింకు గ్రూపుల్లో బాగా తిరిగింది. నొక్కినవారి ఫోన్లలోకి దొంగ యాప్ చేరింది. పథకాల పేరుతో ఏపీకే ఫైళ్లు పంపడం కూడా ఇదే రకం మోసం. ఈ వ్యాసంలో చెప్పిన మార్పులన్నీ ఫోన్ సెట్టింగ్స్‌లోనో, ఆ యాప్ సొంత సెట్టింగ్స్‌లోనో ఉన్నవే. వీటికి బయటి నుంచి ఏదీ దించుకోనక్కరలేదు, డబ్బు కట్టనక్కరలేదు. అక్షరాలు పెద్దవి చేస్తామంటూ వచ్చే యాప్ యాక్సెసిబిలిటీ అనుమతి అడిగితే ఇవ్వవద్దు. ఆ అనుమతి పొందిన యాప్ మీ స్క్రీన్ మీద కనిపించేదంతా చదవగలదు, బ్యాంకు నుంచి వచ్చే ఓటీపీతో సహా.

అలాంటిది ఇప్పటికే వేసుకుని ఉంటే ముందు నెట్ ఆపి, యాప్ తీసేయండి. వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పి ఖాతా లావాదేవీలు ఆపించండి. డబ్బు పోయినట్టు తెలిస్తే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల సహాయ సంఖ్య 1930కి ఫోన్ చేయాలి. మోతాదు విషయంలో సందేహం ఉంటే కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కి ఉదయం 6 నుంచి రాత్రి 10 గంటల మధ్య ఉచితంగా ఫోన్ చేసి, తెలుగులోనే అడిగి, ట్యాంకులో మందు పోసే ముందే అంకె సరిచూసుకోవచ్చు.