ఆరు రెక్కల యంత్రము

ఏటవాలు బల్లపై ఉక్కుగుండు దొర్లించెడి ఆట పిన్‌బాల్. పాతయంత్రములు సేకరించు అమెరికావానికి “హంప్టీ డంప్టీ” దొరకినదనుకొందము. కొనవలెనా?

చికాగోలోని గాట్లీబ్ సంస్థ 1947లో దీనిని వెలువరించెను. అంతకుముందు ఆటగానికి బల్లను కుదుపుట తప్ప చేయగలది స్వల్పము. న్యూయార్కు నగరము 1942లో ఈ ఆటను జూదమని నిషేధించెను; 1976 దాక ఆ నిషేధము తొలగలేదు. హంప్టీ డంప్టీకి, బొత్తాము నొక్కగనే గుండును తిప్పికొట్టు రెక్కలు ఆరు అమర్చిరి. అదృష్టము ప్రక్కన నేర్పునకు చోటు దొరకెను.

ఆ రెక్కలు బలహీనములే. వేగము కోరువాడు విసుగుచెందును. తెగిన తీగెలు అతుకవచ్చును. వెనుక అద్దముమీది రంగు పెచ్చులూడినచో మాత్రము ఆనాటి బొమ్మ మరల రాదు. నేనైతే దీపము పట్టి ముందు ఆ అద్దమునే చూతును. అది చెడనిచో, ఆటకు కాకున్నను, ఆ ఆరు రెక్కలకొరకే కొందును.