జీతపు ఇంటి పద్దు, కిరాణా గిరాకీ

మాదాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్ ప్రాంతాలలో కిరాణా గిరాకీ నెల మొదటి వారంలో చురుకుగాను, 20వ తేదీ దాటిన తరువాత మందకొడిగాను ఉండుట వర్తకులకు అనుభవమే. 1998లో హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుండి ఇక్కడ పెరిగినది ప్రధానంగా నెలజీతపు కొనుగోలు. ఆ ఇంటి పద్దు నడిచే తీరు తెలిస్తే సరుకు నిల్వ, అరువు రెండింటినీ అదుపులో ఉంచుకోవచ్చును.

మొదటి వంతు అప్పుదే

జీతం జమ అయిన కొద్ది రోజులకే ఇంటి అప్పు వాయిదా బ్యాంకుకు పోతుంది. తరువాత పిల్లల ఫీజు, వాహనం ఖర్చు. మిగిలిన దానిలోనే కిరాణా. 2023-24 గృహ వినియోగ సర్వే ప్రకారం దేశంలో పట్టణ కుటుంబాల వినియోగ వ్యయంలో ఆహారం వాటా దాదాపు 40 శాతం. అయితే ఆ లెక్కలో అప్పు వాయిదాలు చేరవు. అందుచేత ఐ.టి. కాలనీల గిరాకీని ఆ అంకెతో అంచనా వేయుట పొరపాటు.

ఉదాహరణకు, 20 ఏళ్ల గడువుపై 50 లక్షల అప్పుకు 6.5 శాతం వడ్డీ అయితే నెలసరి వాయిదా సుమారు 37,280 రూపాయలు. వడ్డీ 9 శాతమైతే 44,990. రిజర్వు బ్యాంకు 2022 మే నుండి 2023 ఫిబ్రవరి వరకు రెపో రేటును 4 నుండి 6.5 శాతానికి పెంచినపుడు జరిగినది ఇదే. గడువు పొడిగించుకోని ఇంటిపై నెలకు సుమారు 7,700 అదనపు భారం పడినది. ఆ ఇంటి కిరాణా, కూరల పద్దు 18,000 అనుకుంటే, ఈ భారం అందులో ఐదింట రెండు వంతులకు మించినది. 2025లో రెపో 1.25 శాతం తగ్గుటతో కొంత ఊరట లభించినది.

నిలిచే పద్దు

అంకెలు వ్రాసుకున్నంతలో పద్దు నిలవదు. అన్ని సరుకులకు ఒకే లెక్క వేయుటే చాలా ఇళ్లలో పొరపాటు. నిల్వ ఉండే సరుకును రాబడి కాలంలో కొనుట లాభం. కందులు శీతకాలంలోను, మిర్చి, చింతపండు ఫిబ్రవరి-ఏప్రిల్ మధ్యను జోరుగా దిగుతాయి. ఏడాది సరుకుకు ప్రతి నెలా పన్నెండో వంతు పక్కన పెట్టిన ఇల్లు అప్పుడు రొక్కంతో బేరమాడగలదు.

నిల్వ ఉండని సరుకుకు వర్తకుడు తరుగు లెక్క వేసినట్లే ఇంటి పద్దులోనూ తరుగు ఉండాలి. 2023 జూలైలో టమాట చిల్లర ధర కిలో 100 రూపాయలు దాటినది. ముడి వంటనూనెలపై మౌలిక దిగుమతి సుంకం 2024 సెప్టెంబరులో 20 శాతమై, 2025 మే నెలాఖరున 10 శాతానికి దిగినది. కూరలు, నూనె పద్దుపై పదవ వంతు అదనంగా ఉంచుకుంటే ఇటువంటి ఒడిదుడుకులకు మిగిలిన పద్దులు చెదరవు.

బోనసును నెల ఖర్చులో కలుపుకొనరాదు. 2022 చివరి నుండి పలు అంతర్జాతీయ సాంకేతిక సంస్థలు సిబ్బందిని తగ్గించినవి. ఆరు నెలల వాయిదాలకు, తిండికి సరిపడు సొమ్ము నిల్వ ఉన్న ఇల్లే అటువంటి దెబ్బకు తట్టుకుంటుంది. 10, 20 తేదీలలో పద్దు సరిచూసుకొను అలవాటుంటే నెలాఖరు లోటు ముందే బయటపడుతుంది.

వర్తకులకు

మొదటి వారానికి బియ్యం బస్తాలు, అయిదు లీటర్ల నూనె డబ్బాలు, చివరి పది రోజులకు కిలో, అరకిలో పొట్లాలు సిద్ధంగా ఉంచుట మేలు. అరువు ఇచ్చునపుడు జీతం అంకెను గాక, వాయిదాలు పోగా మిగులు ఎంతో చూడవలెను. వడ్డీ రేటు పెరిగినపుడు ఖరీదైన రకాల నిల్వ తగ్గించుకొనుట క్షేమం.