అయోడిన్‌కు అయోడినే అడ్డు

మన మెడలోని అవటు గ్రంథి, అంటే థైరాయిడ్, ఆహారంలోని అయోడిన్‌ను పీల్చుకొంటుంది. అది మామూలు అయోడినా, రేడియోధార్మిక అయోడినా అన్నది దానికి తెలియదు. చిక్కంతా అక్కడే!

1986 ఏప్రిల్ 26న సోవియట్ యూనియన్‌లోని చెర్నోబిల్ అణువిద్యుత్ కేంద్రంలో రియాక్టరు పేలింది. వెలువడిన అయోడిన్-131 గడ్డిమీద పడి, ఆవుపాల ద్వారా పిల్లల గ్రంథుల్లో చేరింది. చాలా గ్రామాలకు మందు వేళకు అందలేదు. తర్వాతి సంవత్సరాల్లో వేలమందికి థైరాయిడ్ క్యాన్సర్ వచ్చింది.

పొరుగుదేశమైన పోలండ్ ఏప్రిల్ 29 నుంచే సుమారు కోటిమంది పిల్లలకు మామూలు అయోడిన్ ద్రావణం తాగించింది. పసివాళ్లకు పాలపొడి ఇచ్చింది. నిండుకుండలో నీళ్లు పట్టనట్లే, నిండిన గ్రంథిలో రేడియోధార్మిక అయోడిన్‌కు చోటుండదు.

అయితే ఈ మందు సీసియం వంటి ఇతర పదార్థాలను ఆపలేదు. గాలి సోకకముందో, సోకిన కొద్ది గంటల్లోనో అధికారులు చెప్పిన మోతాదులో తీసుకోవాలి. అందుకే ప్రమాదం రాకముందే మందు ఊళ్లో సిద్ధంగా ఉండాలి.