కుక్కకు డిస్టెంపర్ వస్తే

కొల్లేటి లంకల్లో, చేపల చెరువుల గట్ల మీద కుక్కే కాపలా. రాత్రి దొంగ వచ్చినా, పాము వచ్చినా ముందు అరిచేది అదే. అలాంటి కుక్క తిండి మానేసి మూలన పడుకుంటే ఊరుకోకూడదు. అది డిస్టెంపర్ జబ్బు కావచ్చు.

ఇది ఏం జబ్బు?

డిస్టెంపర్ ఒక వైరస్ వల్ల వస్తుంది. వైరస్ అంటే కంటికి కనపడని క్రిమి. జబ్బు కుక్క దగ్గినా, తుమ్మినా పక్క కుక్కకు అంటుకుంటుంది. ఒకే గిన్నెలో తిన్నా అంటుకుంటుంది. టీకా వేయని కుక్కపిల్లలకు ముప్పు ఎక్కువ. మనుషులకు మాత్రం ఈ జబ్బు రాదు.

గుర్తులు ఏమిటి?

మొదట జ్వరం వస్తుంది. కళ్లు పుసి కడతాయి. ముక్కు కారుతుంది. తరువాత దగ్గు, వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. కొన్ని కుక్కలకు అరికాళ్లు గట్టిపడతాయి. కొన్ని రోజులకో, వారాలకో మూర్ఛలు రావచ్చు. దవడ టకటక కొట్టుకుంటుంది. నోట నురగ వస్తుంది.

పిచ్చి పట్టిందా?

నురగ చూడగానే "పిచ్చెక్కింది, కొట్టండి" అంటారు. మూర్ఛ వచ్చిన ప్రతి కుక్కకూ పిచ్చి ఉండదు. అలాగని పిచ్చి లేదని మనమే తేల్చకూడదు. చూడటానికి రెండూ ఒకలాగే ఉండొచ్చు. కుక్కను కొట్టొద్దు, ముట్టుకోవద్దు. పిల్లల్ని దూరంగా ఉంచి పశువుల డాక్టరును పిలవాలి.

కుక్క కరిస్తే గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీళ్లతో 15 నిమిషాలు కడగాలి. దాని చొంగ మన గాయానికి తగిలినా అంతే. వెంటనే ఆసుపత్రికి వెళ్లి టీకా వేయించుకోవాలి. పిచ్చికుక్క జబ్బు బయటపడ్డాక మనిషి బతకడం కష్టం.

వైద్యం ఉందా?

డిస్టెంపర్ వైరస్‌ను చంపే మందు లేదు. డాక్టరు సెలైన్ ఎక్కిస్తారు. వాంతులు, మూర్ఛలు తగ్గే మందులు ఇస్తారు. కొన్ని కుక్కలు బతుకుతాయి, కొన్ని బతకవు. అందుకే జ్వరం రాగానే చూపించాలి. మనం మింగే జ్వరం బిళ్లలు కుక్కకు వేయకూడదు. జబ్బు కుక్కను వేరే కట్టాలి. దాని గిన్నె వేరుగా ఉంచాలి.

ముందు దగ్గరలోని పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లాలి. 1962 నంబరుకు ఫోన్ చేసి సాయం అడగవచ్చు. ఏలూరు నుంచి విజయవాడ వెళ్లే దారిలో గన్నవరం ఉంది. అక్కడ 1998లో పశువైద్య కళాశాల పెట్టారు.

టీకాయే రక్ష

కుక్కపిల్లకు 6 నుంచి 8 వారాల వయసులో మొదటి టీకా వేయించాలి. 16 వారాలు నిండేదాకా 3, 4 వారాలకు ఒకసారి మళ్లీ వేయించాలి. ఆ తరువాత ఎప్పుడో డాక్టరు చెబుతారు. పిచ్చికుక్క టీకా వేరు, ఇది వేరు. రెండూ కావాలి. ఏలూరులోనో, తాడేపల్లిగూడెంలోనో టీకా కొంటే ఐసులో పెట్టి తేవాలి. ఎండ తగిలితే అది పనిచేయదు.

2018లో గుజరాత్‌లోని గిర్ అడవిలో 20కి పైగా సింహాలు చనిపోయాయి. వాటిలో కొన్నిటికి ఈ వైరస్ సోకిందని పరీక్షల్లో తేలింది. అప్పుడు అమెరికా నుంచి టీకా తెప్పించి సింహాలకు వేశారు. సింహానికే తప్పని జబ్బు కుక్కపిల్లకు తప్పుతుందా? రాకముందే టీకా వేయిద్దాం.