రెండు యంత్రముల సంసారము

అమలాపురము గడియారస్తంభము కడ నిలిచి దినమెల్ల వచ్చిపోవు బండ్లను లెక్కించినను, ఇంటి ప్లగ్గునుండి చార్జి చేసికొనుటకును, బంకులో పెట్రోలు పోయించుకొనుటకును వీలైన కారు ఒక్కటియు కంటబడకపోవచ్చును. మన దేశమున ప్లగ్-ఇన్ హైబ్రిడ్ అనునది బి.ఎం.డబ్ల్యు. వంటి విలాసవాహనములలో కొన్నిటికే పరిమితమై యున్నది. అయినను రాజోలు, కొత్తపేట ప్రాంతములలో ఆ బండి ఎక్కిన పెద్దలు లేకపోలేదు. ఏలయనగా మనుమలను చూచుటకని ఆరునెలలు అమెరికా వెళ్లి, డల్లస్‌లోనో న్యూజెర్సీలోనో కొడుకు ఇంటనో కూతురి ఇంటనో గడపి వచ్చువారు మన సీమలో నేడు ఊరూర కలరు. ఏడుగురు సుఖముగ కూర్చుండి ఆదివారము గుడికి పోవుటకు అనువైన క్రైస్లర్ పసిఫికా హైబ్రిడ్ అను వ్యాను 2017 నమూనాగా ఆ దేశపు విపణిలోనికి వచ్చెను. ప్లగ్గుతో చార్జి చేయదగిన మినీవ్యాను అక్కడ అదియొక్కటే యగుటచే, పిల్లలు గల సంసారులు దానిని కోరి కొనిరి. ఆ వ్యాను చరిత్రయే ఈ తరగతి వాహనముల గుణదోషములను తెలిసికొనుటకు మంచి పాఠ్యగ్రంథమని నా అభిప్రాయము.

సామాన్యమైన హైబ్రిడ్ కారులో బ్యాటరీ చిన్నది. దానిలో నిలువయుండు విద్యుత్తు ఒకటి రెండు యూనిట్లను మించదు. బ్రేకు వేసినపుడు వృథాగా పోవు శక్తిని పట్టి దాచి, మరల బయలుదేరునపుడు ఇంజనుకు తోడుపడుటయే దాని పని. ప్లగ్-ఇన్ వాహనములో అట్లు కాదు. పసిఫికాలోని బ్యాటరీ 16 యూనిట్లది; ఒక్క చుక్క పెట్రోలైన కాల్చకుండ సుమారు 50 కిలోమీటర్లు, అనగా దినమున కచేరికి పోయి వచ్చునంత దూరము, బండిని నడుపగలదు. ఆ కార్యమునకై గోడనుండి వచ్చు కరెంటును మార్చి బ్యాటరీకి పంపు చార్జరు, మూడు నాలుగు వందల వోల్టుల ప్రవాహమును కలుపుచు తెంపుచునుండు స్విచ్చులు, బ్యాటరీని చల్లబరచు నీటిగొట్టములు, అంత వోల్టేజిని 12 వోల్టులకు దింపు పరికరము కావలసి వచ్చెను. ఇంజను, రేడియేటరు, పెట్రోలు ట్యాంకు, పొగగొట్టము మాత్రము యథాస్థానముననే యున్నవి. విద్యుద్వాహనము ఇంజనును వదలుకొన్నది. పెట్రోలు కారు పెద్ద బ్యాటరీని నెత్తికెత్తుకొనలేదు. ఈ బండి మాత్రము రెంటిలో దేనిని విడువక రెంటి బాధలను భరించుచున్నది.

అమెరికాలోని కన్స్యూమర్ రిపోర్ట్స్ అను వినియోగదారుల సంస్థ 2023 సంవత్సరాంతమున ప్రకటించిన పరిశీలనలో, పెట్రోలు కార్లకంటె సామాన్య హైబ్రిడ్లలో చిక్కులు నూటికి 26 పాళ్లు తక్కువగను, ప్లగ్-ఇన్ హైబ్రిడ్లలో 146 పాళ్లు ఎక్కువగను కన్పట్టినవి. పేరులో ఒక్క చిన్న విశేషణము చేరినంతమాత్రమున ఫలితము ఇట్లు తలక్రిందులగుట చూచి, విద్యుత్తే దోషకారణమని తొందరపడరాదు. అదే నిజమైనచో సామాన్య హైబ్రిడ్ అంత మన్నికగా నుండుట కలుగదు. దోషము ఎక్కువగా నున్నది రెండు వ్యవస్థలు కలిసికొను తావులలో.

పసిఫికా రీకాల్‌ల వరుసయే ఇందుకు సాక్ష్యము. రీకాల్ అనగా లోపమున్నట్లు తేలిన బండ్లను తయారీదారు తన ఖర్చుతో వెనుకకు పిలిచి బాగుచేయుట. 2017 జూన్‌లో 1,677 బండ్లను పిలిచిరి. బ్యాటరీ విద్యుత్తును మోటారుకు అనువుగా మార్చు పెట్టెలో డయోడు చెడి, నడుచుచున్న బండి చోదకశక్తిని హఠాత్తుగా కోల్పోవుచుండెను. 2020లో 27,634 బండ్లను పిలిచిరి. ఈ సారి నేరము పెద్ద బ్యాటరీది కాదు, ప్రతి కారులోను ఉండు సామాన్యమైన 12 వోల్టుల బ్యాటరీ తీగె కలిసికొనుచోట అమర్పు సరిగా లేక వేడెక్కి నిప్పంటుకొను ప్రమాదము. 2023 జనవరిలో 67 వేలకు పైబడిన బండ్లను పిలిచిరి. గేరుపెట్టెలోని తీగెల జోడింపున లోపమువలన ఇంజను ఆగిపోవుచుండెను. మూడు ప్రక్కల లారీలు దూసికొనిపోవు రహదారిపై, వెనుక సీటులో పసిపిల్లలుండగా బండి ఉన్నట్టుండి నిలిచిపోవుట ఎంతటి ఆపదయో ఆ యజమానుల ఫిర్యాదులు చదివినగాని బోధపడదు. ఒక డయోడు, ఒక తీగెకొన, ఒక జోడింపు: ఇన్నింటిలో ఏదియు గొప్ప శాస్త్రరహస్యము కాదు.

నిప్పు లేని మరియొక చిక్కు కలదు. దానిని గూర్చి ఎవరును పెద్దగా వ్రాయరు. దినము దగ్గరి ప్రయాణములే చేయువాని బండిలో ఇంజను వారములకొలది నిద్రించును. ట్యాంకులోని పెట్రోలు పాతబడును. అప్పుడప్పుడు రెండు మూడు నిమిషములు మేల్కొన్నను పూర్తిగా వేడెక్కదు. వేడెక్కని ఇంజనులో కాలని పెట్రోలును, చెమ్మయు దిగి ఆయిలులో కలసి దానిని పలుచన చేయును. అందువలన పసిఫికావంటి బండ్లు, యజమాని ఆజ్ఞ లేకయే, ఇంజనును తామే తిప్పి పాత పెట్రోలును వినియోగించుకొనునట్లు ఏర్పాటు చేయబడినవి. పెట్రోలు ఆదా చేయుటకే కొన్న బండి తనంత తాను పెట్రోలు కాల్చుచుండగా చూచి కొందరు మరమ్మతు దుకాణమునకు పరుగెత్తిరి. అది లోపము కాదు, ఔషధము.

ఇక అసలు భయము పెద్ద బ్యాటరీది. 2022 ఫిబ్రవరిలో 2017, 2018 నమూనాలకు చెందిన 16,741 వ్యానులను పిలిచిరి. అంతవరకు 12 బండ్లు కాలెను. అన్నియు తాళము తీసి నిలిపియున్నవే. బాగుచేయువరకు చార్జి చేయవద్దని, ఇంటికిని ఇతర వాహనములకును దూరముగ ఆరుబయట నిలుపవలెనని యజమానులకు వర్తమానము పోయెను. 2024 జూలైలో ఏడు అగ్నిప్రమాదముల పిదప మరి 24 వేలకు పైబడిన బండ్లకు అదే వర్తమానము. ఐరోపాలో 2020లో ఫోర్డు సంస్థ కుగా అను కుటుంబవాహనములు సుమారు 20,500ను, బి.ఎం.డబ్ల్యు. ప్రపంచమంతట సుమారు 26,700 బండ్లను బ్యాటరీ తయారీలో సెల్లులలో చేరిన మలినముల కారణముగ పిలిచినవి. 2025 నవంబరులో జీప్ ప్లగ్-ఇన్ వాహనములు అమెరికాలో సుమారు 3 లక్షల 20 వేలు పిలువబడెను. లోగడ సాఫ్ట్‌వేర్ మార్చి బాగైనదని పంపిన బండ్లు సైతము కాలినవి గనుక, వానిని మరల పిలువవలసి వచ్చెను. లోపల పొర చినిగిన సెల్లును సాఫ్ట్‌వేర్ కనిపెట్టగలదేమో గాని అతుకజాలదు.

ఆ పొర సంగతి కొంత చెప్పవలెను. లిథియం సెల్లులో ధన, ఋణ పలకల నడుమ సుమారు ఇరువది మైక్రానుల మందము గల ప్లాస్టిక్కు పొర యొకటి యుండును. మన తలవెండ్రుకలో మూడవ వంతో నాల్గవ వంతో అంత పలుచన. తయారీలో ఒక లోహపురేణువు చొరబడినను, పలక అంచు మడతపడినను, నెలల తరబడి చార్జి చేయుచుండగా ఆ పొర నలిగి ఒకనాడు రెండు పలకలును కలిసికొనును. అక్కడ పుట్టిన వేడి 130 డిగ్రీలు దాటగానే పొర కరగిపోవును. మరికొంత పెరుగగా ధనపలకలోని పదార్థమే ప్రాణవాయువును విడుచును. అందుచే ఈ మంటను ఇసుక కప్పియో దుప్పటి కప్పియో ఊపిరాడకుండ చేసి చంపలేము. విస్తారముగ నీరు పోసి చల్లార్చవలసినదే. పైకి ఆరినట్లు కనుపట్టినను, మన పీచు కుప్పలలో రాజుకొన్న నిప్పువలె లోలోన నడచి గంటలకో దినములకో మరల పైకి లేచును.

ఈ ఆపద మనకు పరాయిది కాదు. 2022 ఏప్రిల్‌లో విజయవాడ సూర్యారావుపేటలో పడకగదిలో చార్జికి పెట్టిన స్కూటరు బ్యాటరీ తెల్లవారుజామున పేలి గృహస్థుని బలిగొన్నది. అదే నెలలో నిజామాబాదులో ఎనుబదేండ్ల వృద్ధుడు అట్లే మరణించెను. సెప్టెంబరు 12న సికింద్రాబాదులో విద్యుత్ స్కూటర్ల దుకాణమున పుట్టిన మంట పైనున్న హోటలుకు ప్రాకి ఎనమండుగురు మృతి చెందిరి. బ్యాటరీలకు విధించిన కఠిననిబంధనలు ఆ డిసెంబరునుండి అంచెలుగా అమలునకు వచ్చినవి. వాహనము చిన్నదైనను సెల్లు స్వభావమొక్కటే.

కోనసీమవారికి ప్రత్యేకముగ చెప్పదగినది ఉప్పునీటి సంగతి. 2012 అక్టోబరులో శాండీ తుపాను న్యూజెర్సీ తీరమును ముంచినపుడు న్యూవార్కు రేవులో నిలిపియున్న ఫిస్కర్ కర్మ అను ప్లగ్-ఇన్ కార్లు పదునారు కాలి బూడిదైనవి. కారణము పెద్ద బ్యాటరీ కాదట. సముద్రజలములో గంటలకొలది మునిగిన ఒక నియంత్రణపు పెట్టెలో ఉప్పు పేరుకొని, 12 వోల్టుల కరెంటుకు దారి యిచ్చెనని తయారీదారు తేల్చెను. మంచినీరు కరెంటును అంతగా పారనీయదు. ఉప్పునీరు పారనిచ్చును, ఆరిన పిదపను తన ఉప్పును విడిచిపోవును. అంతర్వేదిలోనో ఓడలరేవులోనో పాత స్కూటరు సీటు ఎత్తి బ్యాటరీ కొనను చూడుడు: బోల్టు చుట్టును పచ్చని చిలుము పొడిపొడిగా రాలుచుండును, దాని క్రింద తీగె సగము తినబడి యుండును. 1996 నవంబరు తుపానును చూచిన, 2022 జూలైలో ధవళేశ్వరము వద్ద 25 లక్షల క్యూసెక్కులు దాటిన వరదకు లంకలు మునుగుట చూచిన సీమ యిది. మునిగిన బండి, అది ఏ జాతిదైనను, నీరు తీసినదే తడవుగ తాళము తిప్పి చూచుట మనవారి అలవాటు. విద్యుత్తు బండి విషయమున అది ప్రాణాంతకము. తిప్పరాదు, చార్జికి పెట్టరాదు, ఇంటిచూరునకును గడ్డిమేటికిని దూరముగ తోయించి మెకానికును పిలువవలెను.

రీకాల్‌లన్నియు ప్రయోగశాలలలోనే పుట్టవు. యజమానుల ఫిర్యాదులనుండియు పుట్టును. అమెరికాలో 1966నాటి చట్టమునుబట్టి నడచు రహదారి భద్రతాసంస్థకు ఎవరైనను ఫిర్యాదు పంపవచ్చును, ఇతరులు పంపినవి చదువవచ్చును. మన దేశమున మోటారు వాహనముల చట్టమునకు 2019లో చేసిన సవరణవలన, 2021 ఏప్రిల్ 1 నుండి, ఏడేండ్లలోపు వాహనములపై తగినన్ని ఫిర్యాదులు వచ్చినచో కేంద్రప్రభుత్వము నిర్బంధముగ రీకాల్ చేయించు అధికారము కలిగినది. అధికారము కలదు గాని ఫిర్యాదు లేదు: మన యజమాని షెడ్డులో మెకానికుతో గంటసేపు వాదించును, ఇరుగుపొరుగువారితో ఆ కంపెనీని నెలదినములు తిట్టును, కాగితము మీద మాత్రము ఒక్క ముక్క పెట్టడు. కావున పాఠకులకు నా మనవి యొక్కటే. అమెరికాలోనున్న పిల్లలు పాత వ్యాను కొనునపుడు దాని పదునేడక్షరముల ఛాసిస్ నంబరును ఆ భద్రతాసంస్థ వెబ్‌సైటులో వేసి, మిగిలియున్న రీకాల్‌లను చూచుకొని మరి బయానా ఇయ్యవలెను. ఇక్కడ బండి మొరాయించినవారు తేదీ, తిరిగిన కిలోమీటర్లు, ఆనాటి వాన లేక ఎండ, చార్జిలో ఉన్నదో లేదో అన్నియు వ్రాసి రవాణాశాఖ వారి వాహన్ పోర్టలునకు పంపవలెను.