ఆనాటి స్టేషను కాఫీ

మా కంటోన్మెంటు స్టేషనులో బండికొరకు నిలిచియున్నపుడు పెద్దలనోట తప్పక వినవచ్చు మాట యొకటి కలదు. "గుంతకల్లు జంక్షన్లో తాగిన ఆ కాఫీ ఇప్పుడెక్కడుంది? ఆ ఇడ్లీ ఏదీ?" అని వారు నిట్టూర్చుచుందురు. ఇటీవల తొమ్మిదవ తరగతి విద్యార్థి యొకడు మమ్ము సమీపించి, "సార్, మా తాత చెప్పేది నిజమేనా? లేక పెద్దవాళ్లందరూ అట్లే అంటారా?" అని యడిగెను. ప్రశ్న చక్కనిది. జవాబు మాత్రము ఒక్క మాటలో తేలునది కాదు.

ఒకే పేరు, ఒకే పద్ధతి గల తినుబండారముల దుకాణములు ఊరూర వెలయుట అమెరికానుండి వచ్చిన క్రొత్త వింత యని మన పిల్లలు తలంతురు. మన దేశమున రైలుమార్గముల వెంబడి అట్టి గొలుసులు పూర్వమే యుండెను. తూర్పున కెల్నరు, పడమట బ్రాండను, దక్షిణమున స్పెన్సరు కంపెనీలు రైలుస్టేషనులలో భోజనశాలలు నడిపినవి. స్వాతంత్ర్యానంతరము, 1954లో అళగేశన్ గారి అధ్యక్షతను ఏర్పడిన సంఘము ఈ విషయమును విచారించెను. 1955నుండి రైల్వేశాఖ తానే కొన్ని తావులలో వంటశాలలు నడుపసాగెను. 1999లో ఈ పనికై ప్రత్యేకముగా ఐ.ఆర్.సి.టి.సి. యను సంస్థ వెలసినది.

అయినచో ఆ రుచి యేల పోయెను? వంటవాని చేయి చెడినదని చాలమంది యందురు. మాకు తోచినంతవరకు ముఖ్యకారణము ఇంజను. ఆవిరియింజను నీరు త్రాగనిదే కదలదు. పెద్ద జంక్షనులో అది నీరు పట్టుకొనునంతసేపు ప్రయాణికుడు క్రిందికి దిగి, బల్లయొద్ద కూర్చుండి, పొయ్యిమీదినుండి దిగిన పదార్థమును భుజించుచుండెను. డీజిలు, విద్యుత్తు యింజనులు వచ్చిన పిదప బండి నిలుచు కాలము తగ్గెను. మనుష్యుడు అన్నముకడకు పోవుట మాని, అన్నమే మనుష్యునికడకు పోవలసివచ్చెను. ఎక్కడనో వండి, పొట్లము గట్టి, గంటలకొలది మోసి తెచ్చి పెట్టుటయే రివాజయ్యెను. ఉడికిన బియ్యములోని పిండిపదార్థము చల్లారిన కొలది బిరుసెక్కును, ఇది ప్రకృతిధర్మము. ఆవిరి పోని ఇడ్లీ యొక వస్తువు, మూడు గంటలు గడచిన ఇడ్లీ వేరొక వస్తువు. వంటవాడెంత నిపుణుడైనను దీనిని మార్చజాలడు.

అయితే నిర్లక్ష్యము లేదని మేమనము. 2017లో కంప్ట్రోలరు, ఆడిటరు జనరలు పార్లమెంటునకు సమర్పించిన నివేదికలో, రైళ్లలోను స్టేషనులలోను తినదగని పదార్థములు, గడువు దాటిన పొట్లములు అమ్ముచున్నట్లు స్పష్టముగా వ్రాయబడినది. తాతగారి ఫిర్యాదు వట్టి గొణుగుడు కాదనుటకు ఇంతకంటె సాక్ష్యమేల?

కాఫీ సంగతి మరియొక కథ. కాఫీ త్రాగు అలవాటును జనులలో పెంచుటకై 1936లో బొంబాయిలో మొదటి కాఫీహౌసు వెలసెను. తరువాత కాఫీబోర్డు వారి యాజమాన్యమున దేశమంతట అట్టివి వ్యాపించినవి. 1950 దశకమున బోర్డు వాటిని మూసివేయ నిశ్చయింపగా పనివారు వీధిపాలు కావలసివచ్చెను. ఏ.కె. గోపాలన్ గారి ప్రోత్సాహముతో వారు సహకారసంఘములుగా నేర్పడిరి. 1957 ఆగస్టులో బెంగుళూరులోను, అదే యేడు అక్టోబరులో ఢిల్లీలోను పనివారే యజమానులైరి. బెంగుళూరు మహాత్మాగాంధీ రోడ్డులోని కాఫీహౌసు 2009లో ఆ చోటు విడిచి చర్చి వీధికి మారినది. పాతకుర్చీ పోయినదని వగచినవారు వందలుగా నుండిరి. కాఫీ మారినదని వగచినవారు మాకంతగా తగులలేదు. మనము రుచి యని పిలుచుదానిలో ఎన్ని రుచి కానివి కలిసియుండునో దీనివలన తెలియుచున్నది.

జ్ఞాపకమును కొలువజాలము గాని, వస్తువును కొలువవచ్చును. విద్యార్థులు ఇంటిలోని కాఫీపొట్లమును త్రిప్పి చూడవలెను. చికోరీ యనునది ఒక మొక్కవేరును వేయించి పొడిచేసినది. కాఫీకి నలుపును చిక్కదనమును ఇచ్చును. కాఫీతో చికోరీ కలిపి యమ్మునపుడు కాఫీ నూటికి 51 పాళ్లకు తగ్గరాదని మన దేశమందలి నియమము. పాళ్లు పైన ముద్రింపవలెను. అనగా "కాఫీపొడి" యని మనము తెచ్చుకొను పొట్లములో దాదాపు సగము వేరుపొడి యుండినను చట్టవిరుద్ధము కాదు!

నేతి కథయు నిట్టిదే. ఆనాటి హోటళ్లలో సమస్తమును నేతివంటయే యని పెద్దలందురు. డాల్డా మన దేశమున 1937నుండియే అమ్ముడుపోవుచుండెను. నూనెలోనికి హైడ్రోజను వాయువును పంపి గడ్డకట్టించినదే వనస్పతి. అది నేతిలో కలిసినచో పట్టుకొనుట కష్టము. కావున ప్రభుత్వమువారు వనస్పతిలో నూటికి 5 పాళ్లు నువ్వులనూనె తప్పక చేర్పించిరి. ఫర్ఫ్యూరాలు, హైడ్రోక్లోరికామ్లము చేర్చి కుదిపినచో నువ్వులనూనె యెఱ్ఱబారును, దొంగతనము బయటపడును. ఇట్టి ఉపాయము అవసరమైనదనగా, ఆనాటి నేయి అంతయు నేయి కాదన్నమాట. వనస్పతిలో నుండు ట్రాన్సు కొవ్వులు గుండెకు చేటని తరువాత తేలినది. 2022 జనవరినుండి అవి నూటికి 2 పాళ్లకు మించరాదని నియమించిరి. ఈ యొక్క విషయమున నేటి వంటయే మేలు.

తల్లిదండ్రులు గమనింపవలసినది వేరొకటి కలదు. మన ప్రాంతపు నిజమైన ఉపాహారము ఉగ్గాణి, మిరపకాయబజ్జి. బళ్లారివారి "ఒగ్గరణె", రాయలసీమవారి "ఉగ్గాణి" ఒకే నానబెట్టిన బొరుగులకు రెండు భాషల పిలుపు. కన్నడపిల్లవాడు, తెలుగుపిల్లవాడు ఒకే బాణలి యొద్ద నిలిచి కొనుక్కొందురు. బజ్జీ కన్నుల యెదుటనే వేగును గనుక రైలుపొట్లమునకున్న జబ్బు దీనికి లేదు. అయితే నూనె నిన్నటిదా, మొన్నటిదా? మాటిమాటికి కాచిన నూనె నల్లబడి, నురుగు గట్టి, ఘాటైన పొగ విడుచును. పోలారు పదార్థములు నూటికి 25 పాళ్లు మించిన నూనెను వాడరాదని 2018 జులైనుండి నిబంధన యున్నది. బండివానియొద్ద కొలిచెడు పరికరము లేదు. మన కన్ను, ముక్కు లేకపోలేదు. బడి విడువగానే అచ్చటికి పరుగిడు మా పిల్లలు ఒక్కసారి బాణలిలోనికి తొంగిచూచినచో మేమానందింతుము.

పాతరోజులను పొగడునపుడు మరవరాని దొకటి కలదు. ఆ మంచి ఇడ్లీ యెవరికి దొరకెను? స్టేషనులలో హిందువులకు వేరు, మహమ్మదీయులకు వేరు, దొరలకు వేరు గదులుండెను. ఊరి హోటళ్లలో కొన్నిటియందు బ్రాహ్మణులకు ప్రత్యేకముగా చోటుండెను; కొందరికి లోపలికి ప్రవేశమే లేదు. 1950లో రాజ్యాంగపు 15వ అధికరణము హోటళ్లలోనికి పోవుటకు కులమతములు అడ్డు కారాదనెను. 1955లో అస్పృశ్యతను శిక్షించు చట్టము వచ్చెను. ఆ రుచిని తలచుకొని కన్నీరు పెట్టుకొను భాగ్యము మన విద్యార్థుల తాతలలో కొందరికి లేనేలేదు. వారు బయట నిలిచి, వాసన మాత్రమే చూచిరి.

ఇవన్నియు తరగతిలో చెప్పితిమి. మరునాడు ఆ విద్యార్థి తన యింటి కాఫీపొట్లపు అట్టముక్కను కత్తిరించి తెచ్చెను. దానిమీద కాఫీ 53, చికోరీ 47 అని యుండెను. తాతకు చూపితివా యని యడిగితిమి.

"చూపినాను సార్. 'అయితే గుంతకల్లు కాఫీలో ఎంత ఉండెనో! అప్పుడు పొట్లం ఎవరు చూసినారు నాయనా, రాత్రంతా కూర్చుని వచ్చి ఆకలిమీద తాగితిమి' అన్నాడు" అని వాడు చెప్పెను.